అన్నీ పట్టే పెట్టెలు

1935 నవంబరు 11, సోమవారం. ఏలూరు

దొరగారికి కారు వచ్చింది. ఆయన మోటారు సైకిలు నాకు వచ్చింది. పాతదే, ఒకపక్క రంగు లేచిపోయింది, అయినా పల్లె స్కూళ్ళ సూపర్‌వైజరుకి మోటారు సైకిలు ఇవ్వడం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. పొద్దుటినుంచీ కాంపౌండులో ఎవరో ఒకరు వచ్చి దాన్ని ముట్టుకుని పోతున్నారు. వంటమనిషి యేసమ్మ "ఇది కుడితి తాగుతుందా బాబూ?" అని అడిగి తనే నవ్వుకుంది.

మధ్యాహ్నం దొరగారు ఆఫీసు గదిలోకి పిలిచారు. వాళ్ళ దేశంనుంచి మిషనుకు వచ్చే డబ్బు బాగా తగ్గిందట, ఖర్చులు కుదించమని రాస్తున్నారట. "దేవరాజూ, బండికి సామాను పెట్టుకునేది ఏం కావాలో నువ్వే ఎంచుకో. నడిపేవాడివి నువ్వు. చిన్న తోలు సంచులు చాలంటావా, రిజిస్టర్లూ నీ బట్టలూ వాటిలో వెళతాయి. మందుల పెట్టె, మాజిక్ లాంతరు, వంటసామాను ఎప్పటిలాగే కావిడి మీద వస్తాయి. అన్నీ పట్టే పెట్టెలు కట్టించుకుంటావా, ఇక మనకు కావిడి మనిషి అక్కర్లేదు. ఆ జీతం మిగులుతుంది" అన్నారు.

కావిడి మనిషి మా నాన్న. దొరగారికి తెలియక కాదు. తెలిసే నా ఇష్టానికి వదిలేశారు. అది మంచితనమో గడుసుతనమో నాకు అంతుపట్టలేదు.

ఆలోచించి చెబుతానండీ అన్నాను. ఇందులో ఆలోచించేదేముంది? చిన్న సంచులే తీసుకుంటాను.

నవంబరు 13, బుధవారం

తోలు సంచుల బొమ్మ మద్రాసు కాటలాగులో చూశాను. అందంగానే ఉన్నాయి. కాని మన రోడ్ల దుమ్ముకు అవి ఎన్నాళ్ళు నిలుస్తాయి? వాన వస్తే తోలు ఉబ్బుతుంది, రిజిస్టర్లు నానుతాయి. మోటారు రిపేరు చేసే పాపారావుని అడిగితే, "సంచులు షోకుకండీ, పనికి పెట్టెలండీ" అన్నాడు. ఆయన వాటిని కట్టే మనిషి గనక అలాగే అంటాడు. అయినా మాట నిజమే కదా.

నాన్న కుడి భుజం మీద కాయ కాచి ఇంత ఎత్తున లేచింది. చలికాలం పగిలి నెత్తురు వస్తుంది. అమ్మ ఆముదం రాస్తూ ఉంటుంది. కొడుకు అన్నవాడు అది కూడా చూసుకోవాలి. జీతం పోతే నా జీతంలోంచి ఇస్తాను. ఎవరి నోరూ కొట్టడం లేదు.

ఇది ఎవరూ చూడరు గనక ఇంకో సంగతి కూడా రాస్తాను. పోయిన చలికాలం తాడేపల్లిగూడెం కేంపులో, అక్కడి హెడ్‌మాస్టరు జ్ఞానయ్యగారు నన్ను ఇంటికి పిలిచి వరండాలో కూచోబెట్టారు. ఆయన కూతురు దేవకుమారి ట్రైనింగు పూర్తిచేసి వచ్చింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మీ నాన్నగారు?" అని అడిగారు జ్ఞానయ్యగారు. "మిషన్లోనే పని చేస్తారండీ" అన్నాను. "ఉపదేశులా?" అన్నారు. నేను మజ్జిగ తాగుతున్నాను. అంతలో వీధి చివర కావిడి గజ్జెలు వినిపించాయి. గ్లాసు అక్కడ పెట్టేసి, స్కూల్లో పని ఉందండీ అని లేచిపోయాను, కావిడి ఆ గుమ్మందాకా రాకుండా.

ఇప్పుడు ఆ ఇంట్లో నా పేరు అనుకుంటున్నారని తెలిసింది.

నవంబరు 16, శనివారం

ఇవాళ నాన్న పాపారావు షెడ్డు దగ్గరికి వచ్చాడు. నేను రమ్మనలేదు. లాంతరూ మందుల పెట్టే ఎంత ఉన్నాయో కొలిచి చూద్దామని పాపారావు అంటే, అవి పంపమని కబురు పెట్టాను. మోసుకొచ్చేది నాన్నే కదా. ఊరికే కొలతకే. ఇంకా ఏమీ ఖాయం చేసుకోలేదు అప్పటికి.

నాన్న కావిడి దింపి బండి చుట్టూ తిరిగాడు, సంతలో కోడెను చూసినట్టు. ముందు చక్రం చూశాడు, వెనక చక్రం చూశాడు, పాపారావుని అడిగి సీటు మీద చెయ్యి వేశాడు.

"సంచులు కట్టమంటారా పెట్టెలు కట్టమంటారాండీ?" అన్నాడు పాపారావు, నన్నే.

నేను నోరు తెరిచేలోగా నాన్న అందుకున్నాడు. "సంచులేటండీ బాబూ, పెట్టెలే. ఇటేపు పేము పెట్టెలో మందులు, అటేపు పేము పెట్టెలో లాంతరు. ఎనకాల పెద్ద రేకుపెట్టె పెట్టండి, పుస్తకాలూ గిన్నెలూ దాంట్లోకి పోతాయి. మొత్తం పట్టేత్తాది." మందుల పెట్టె ఒకపక్కా లాంతరు ఒకపక్కా పట్టుకుని తనే బండికి ఆనించి చూపించాడు. మొహమంతా నవ్వు. తరవాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏరా అబ్బాయ్, ఇదంతా నా భుజం చూసే కదా?" అన్నాడు.

నేను తల ఊపాను.

పెట్టెలే ఖాయం చేశాం. నాన్నే ఎంచుకున్నాడు.

నవంబరు 17, ఆదివారం

నాన్నే ఎంచుకున్నాడు. పాపారావు సాక్ష్యం.

నవంబరు 24, ఆదివారం

పల్లెలో గుడికి వెళ్ళాను. బండి మీద వెళ్ళకుండా ఉండాల్సింది.

ఆరాధన అయ్యాక అందరూ చుట్టూ మూగారు. నాన్న పల్లె అంతా చెప్పేశాడు. నా భుజం చూడలేక మా అబ్బాయి మోటారుకి పెట్టెలు కట్టిస్తున్నాడు, ఇక నేను కేంపులకి ఒట్టి చేతుల్తో ఎల్లొచ్చు, దొరలా కర్ర ఊపుకుంటా నడుస్తానని. ఒక ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని, "కడుపున పుడితే నీలాంటోడు పుట్టాల నాయనా" అంది. పాస్టరుగారు కూడా ఒక మాట అన్నారు, తల్లిదండ్రులను సన్మానించే బిడ్డలను గురించి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నిలబడ్డాను.

అప్పుడే చెప్పాల్సింది. పెట్టెలు వస్తే కేంపుకి సామాను మోసే మనిషే అక్కర్లేదని, ఒట్టి చేతుల మనిషి అసలే అక్కర్లేదని. అంతమంది ముందు ఎలా చెబుతాను? పరువు పోయేది నాన్నదే కదా. ఆయన పరువు కోసమే ఆగాను.

డిసెంబరు 1, ఆదివారం

పెట్టెలు వచ్చాయి. బాగా కుదిరాయి. వెనక రేకుపెట్టె రెండు బోల్టులు విప్పితే ఊడి వస్తుంది, మళ్ళీ బిగించుకోవచ్చు. పాపారావు పనిమంతుడే.

రేపటినుంచి కేంపు. నాన్న సాయంత్రం వచ్చి తనే సామాను సర్దాడు. లాంతరులో వేసే గాజు బొమ్మలను ఒక్కొక్కదాన్నీ అమ్మ పాతచీర పేలికల్లో చుట్టి, మధ్యలో ఎండుగడ్డి పెట్టి పేర్చాడు. తప్పిపోయిన గొర్రె బొమ్మను దీపం ముందు పెట్టి కాసేపు చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తను మోసిన బొమ్మలను ఇంత దగ్గరగా చూడలేదట. గోడ మీద పెద్దగా పడ్డప్పుడు జనం వెనకనుంచి చూడడమే.

"పొద్దున్న ఎప్పుడు రమ్మంటావు? నేను ముందు బయల్దేరితే నీ మోటారు నన్ను దాటి పోద్ది గదా" అన్నాడు.

"చూద్దాంలే నాన్నా" అన్నాను.

ఈ నెలనుంచి ఆయన పని లేనట్టేనని దొరగారు నాతో శుక్రవారమే అన్నారు. "నువ్వే చెప్పు. కొడుకు నోట వింటే అంత బాధ ఉండదు" అన్నారు. అలాగేనండీ అన్నాను.

డిసెంబరు 2, సోమవారం

ఉతికిన పంచె కట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని, చేతికర్రతో గేటు దగ్గర నిలబడ్డాడు. ఒట్టి భుజంతో నాన్నను ఆ గేటులో చూడడం నాకు ఇదే మొదలు. ఒకపక్కకి వంగినట్టు ఉన్నాడు.

"నేనేం చెయ్యాల?" అన్నాడు.

"ఈసారి వద్దులే నాన్నా. కొత్త బండి కదా, ఎలా నడుస్తుందో చూడాలి. వచ్చేసారి రా."

"అంతే, అంతే. చూసుకోవాల. నిమ్మళంగా పోనీ" అని బండిని వెనకనుంచి తోశాడు. అంటుకోగానే పక్కకు తప్పుకున్నాడు. నేను వెనక్కి చూడలేదు. కొత్తగా నేర్చుకున్నవాడు వెనక్కి చూస్తే పడిపోతాడు.

డిసెంబరు 5, గురువారం. గణపవరం

ఒక్క గాజు బొమ్మ కూడా పగల్లేదు.

ఒకటో రెండో పగిలితే, పెట్టెలు లాభం లేదండీ, కావిడే మేలు అని దొరగారికి చెప్పేవాణ్ణి. రోడ్డు మీద గోతులు వచ్చినచోట బండి నెమ్మది చేయకుండా కూడా పోనిచ్చాను. పగల్లేదు. నాన్న అంత బాగా చుట్టాడు.

డిసెంబరు 9, సోమవారం

కొల్లేటి పక్క లంక స్కూలుకి వెళ్ళాను. పాకలో ఒక మేక తప్ప ఎవరూ లేరు. పిల్లలంతా కోతల వెనక పరిగె ఏరుకోవడానికి పోయారు. టీచరు సువర్ణమ్మ కూడా చేలోనే ఉంది. మోటారు చప్పుడు విని చీర కుచ్చిళ్ళు దింపుకుంటూ గట్టు వెంట పరిగెత్తుకొచ్చింది. మోకాళ్ళదాకా బురద.

"క్షమించాలండీ. కోతలు అయిందాకా పిల్లలు రారండీ. మీరొస్తారని తెలీలేదండీ. కావిడి రాలేదు కదండీ."

"కావిడికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ముందురోజే విశ్వాసం తాత కావిడితో వచ్చి చెప్పేవాడండీ, రేపు అయ్యగారు వస్తన్నారు, పిల్లల్ని పోగెయ్యమ్మా అని. తనే ఇల్లిల్లూ తిరిగి తల్లులకి చెప్పేవాడండీ. ఒకసారి పలకలు కూడా తనే కడిగిపెట్టాడండీ."

ఇదీ సంగతి. నేను వెళ్ళిన ప్రతి స్కూల్లోనూ పిల్లలు తల దువ్వుకుని వరసలో నిలబడితే, నా అజమాయిషీ అంత గట్టిగా ఉందని మురిసేవాణ్ణి. రిపోర్టుల్లో కూడా అలాగే రాశాను.

సువర్ణమ్మ గురించి ఏమీ రాయలేదు. కాని దొరగారు అడిగితే నోరు జారి చెప్పాను, బడి ఖాళీగా ఉందని. ఆయన సంతోషించారు. చెప్పకుండా వెళితేనే నిజం బయటపడుతుందన్నారు. మోటారు సైకిలు వల్ల ఇది మరో లాభం అన్నారు. సువర్ణమ్మకు అరజీతం కోసేటట్టున్నారు.

డిసెంబరు 16, సోమవారం

నాన్న మళ్ళీ వచ్చాడు. అదే పంచె, అదే గొడుగు. వచ్చేసారి అన్నాను.

డిసెంబరు 17

చెప్పాలి.

1936 జనవరి 3, శుక్రవారం

ఇవాళ అమ్మ కాంపౌండుకి వచ్చింది. అమ్మ ఇక్కడికి ఎప్పుడూ రాదు. వరండా మీదకి రమ్మంటే రాలేదు, మెట్టు కింద నిలబడే మాట్లాడింది.

"మీ నాన్న నిన్న జీతానికి ఎల్లాడు. గుమాస్తా నవ్వాడంట. నీకు పనే లేదు, జీతమేటి విశ్వాసం, నీ కొడుకు చెప్పలేదా అన్నాడంట. అందరూ వరసలో నిలబడి ఉండగా."

నేను మెట్టు దిగి అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఇంటికొచ్చి చెప్తే, నేను నీ మీద నోరు చేసుకున్నాను. దానికి ఆయన, ఊరుకోయే, అబ్బాయికి తెలీదు, తెలిస్తే నాకు చెప్పకుండా ఉంటాడా అన్నాడు. ఆ మాట పట్టుకునే కూచున్నాడు. అందుకని నిన్నే అడుగుదామని వచ్చాను. నీకు తెలుసా?"

అమ్మ అలా సూటిగా చూస్తే చిన్నప్పుడు దొంగిలించిన బెల్లం ముక్క కక్కేసేవాణ్ణి.

"తెలీదమ్మా" అన్నాను.

అమ్మ తల ఊపింది. కొంగు సర్దుకుంది. "ఏరు దాటిందాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అన్లేదు" అంది. యేసమ్మ అన్నం పెడతానంటే తినకుండా, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

బడికి వెళ్ళే రోజుల్లో వానాకాలం వాగు పొంగితే నాన్న నన్ను కావిడి ఉట్టిలో కూచోబెట్టి దాటించేవాడు. రెండో ఉట్టిలో బరువుకి రాళ్ళు వేసేవాడు. ఇది ఎందుకు రాస్తున్నానో నాకు తెలియదు. అమ్మ ఆ సామెత చెప్పడంవల్ల గుర్తొచ్చి ఉంటుంది.

జనవరి 12, ఆదివారం

నాన్న ఎండుచేపల సావుకారు దగ్గర కావిడి ఎత్తుతున్నాడని ఎవరో అన్నారు. నమ్మలేదు. నేను డబ్బు పంపుతానన్నాను కదా, ఆ వయసులో ఎందుకు ఎత్తుతాడు?

పల్లెకు వెళ్ళి కనుక్కోవచ్చు. ఈ వారం తీరిక లేదు.

జనవరి 25, శనివారం

ఇది ఇవాళే రాసెయ్యాలి. రేపటికి నాకు నేను ఇంకోలా చెప్పుకుంటాను.

లంక స్కూలు పరీక్షకు జ్ఞానయ్యగారు ఎగ్జామినరుగా వచ్చారు. తాడేపల్లిగూడెంనుంచి రైల్లో దిగారు. బండి మీద తీసుకువెళతానన్నాను. వెనక రేకుపెట్టె బోల్టులు విప్పి గదిలో పెట్టి, అక్కడ దుప్పటి మడతపెట్టి ఆయనకు చోటు చేశాను. పరీక్ష కాగితాలు పక్క పెట్టెల్లో. ఆయన భయపడుతూనే కూచున్నారు, నా నడుము పట్టుకుని. "మా దేవకుమారి చూస్తే నవ్వుతుందండీ" అన్నారు. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందో రాయనక్కర్లేదు.

కొల్లేటి గట్టు మీద దారి సన్నం. ఎదురుగా కావిడి వస్తోంది. రెండువైపులా పెద్ద గంపలు, ఎండుచేపల వాసన ముందే కొట్టింది. నడకను బట్టి దూరంనుంచే పోల్చుకున్నాను. మోటారు చప్పుడు వినగానే నాన్న గట్టు దిగి నీళ్ళ అంచున నిలబడ్డాడు, ఏ దొర బండి వచ్చినా తప్పుకున్నట్టే. మడమలదాకా బురదలో ఉన్నాడు. ఎండ కళ్ళలో పడుతోంది, ముందు నన్ను గుర్తుపట్టి ఉండడు.

నేను ఆపదలుచుకోలేదు. దాటిపోయేవాణ్ణే. కాని జ్ఞానయ్యగారు నా భుజం తట్టి, "కాస్త ఆపండీ, కాళ్ళు తిమ్మిరెక్కాయి" అన్నారు. సరిగ్గా అక్కడే ఆగింది.

ఆయన దిగి కాళ్ళు విదిలించుకుని, ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, పలకరింపుగా, "ఏమోయ్, కొల్లేటి చేపలేనా?" అన్నారు.

"అవునండి. సావుకారివండి."

"బరువే. ఈ వయసులో ఎందుకోయ్ నీకిది? కొడుకులు లేరూ?"

నాన్న అప్పటికి నన్ను చూశాడు. నేను వంగి పేము పెట్టె పట్టీ బిగిస్తున్నాను. అది బిగించే ఉంది.

"ఉన్నారండి. ఎవరి పాట్లు ఆళ్ళవండి" అన్నాడు.

"ఈ అయ్యగారిని ఎరుగుదువా?"

"ఎరక్కేమండి. స్కూళ్ళ అయ్యగారండి. మంచోరండి. తండ్రిని ఏ పనీ చెయ్యనివ్వకుండా కూచోబెట్టి చూసుకుంటన్నారంటండి. మా పల్లెల్లో చెప్పుకుంటారండి."

జ్ఞానయ్యగారు నా వైపు తిరిగి నవ్వారు. "విన్నారా? మీ పేరు కావిడి మోసేవాళ్ళదాకా వెళ్ళింది."

బండి అంటుకుంది. కొంత దూరం పోయాక ఆయన నా చెవి దగ్గర గట్టిగా అన్నారు, ఇక ఆలోచించేదేమీ లేదని, వచ్చే ఆదివారం తామే మా పల్లెకు వచ్చి నాన్నగారిని కలిసి మాట ఖాయం చేసుకుంటామని.

జనవరి 26, ఆదివారం

నిన్న ఒక ముక్క రాయలేదు. నాన్న ఆ మాట అన్నప్పుడు నాకు ముందు కలిగింది హాయి. గుండె మీదనుంచి బరువు దింపినట్టు అయింది. సిగ్గు తరవాత వచ్చింది, చాలా తరవాత, బండి గట్టు దిగి రోడ్డెక్కాక. వరస అదీ. సిగ్గు ముందు వచ్చి ఉంటే నన్ను నేను కొంచెమైనా క్షమించుకునేవాణ్ణేమో.

నాన్న అబద్ధం ఆడగా నేను ఎన్నడూ వినలేదు. ఒకసారి దొరగారి గడియారం కిందపడి అద్దం పగిలితే, ఎవరూ చూడకపోయినా వెళ్ళి చెప్పి జీతం కోయించుకొచ్చాడు. ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాడు, అదీ తడుముకోకుండా. నేర్పినవాణ్ణి నేనే.

గుడికి వెళ్ళలేదు. జ్వరం అని చెప్పించాను.

జనవరి 29, బుధవారం

జ్ఞానయ్యగారికి ముందే చెప్పెయ్యొచ్చు. తాడేపల్లిగూడెం ఎంత దూరం? గట్టు మీద మీరు పలకరించింది మా నాన్ననండీ అంటే అయిపోతుంది. ఆయన మంచివారు. ఆయన తండ్రిగారు పాలేరుతనం చేశారని విన్నాను. కావిడిని చూసి ఏమీ అనుకోరు.

నన్ను చూసి అనుకుంటారు.

పెట్రోలు కూడా పోయించాను. వెళ్ళలేదు.

ఫిబ్రవరి 1, శనివారం

పల్లెకు వెళ్ళాను. రేపు వాళ్ళు వస్తారని చెప్పాలి కదా. వెళ్ళేసరికి ఇల్లు అలికి ఉంది. దండోరా వేసినట్టు అందరికీ తెలిసే ఉంది, జ్ఞానయ్యగారు పాస్టరుగారికి కబురు చేశారట. అమ్మ ఇటు వీపు పెట్టి బియ్యం ఏరుతోంది. నేను వచ్చానని తెలిసీ తిరగలేదు. నాన్న పీట వాల్చాడు.

"పిల్ల బాగుంటాదంట గదా. చదువుకున్నదంట. అబ్బాయ్, సంతోషం" అన్నాడు. చేతులు చేపల వాసన వేస్తున్నాయి. ఎంత కడిగినా పోదట, చింతపండు పెట్టి తోముకుంటున్నాడు.

నేను ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుని వచ్చాను. తెలిసే చెప్పలేదు నాన్నా. పెట్టెలు నీ భుజం కోసం కాదు నాన్నా. ఆ రెండు మాటలే. నోటిదాకా వచ్చాయి.

నాన్న ముందే మొదలుపెట్టాడు. "రేపు నేను ఉండనులే. ఆయన నన్ను చూశాడు గదా. చూసి, ఈడేగా ఆడు అనుకుంటే నీకు మాటొత్తాది. కొల్లేట్లోకి సరుకు ఎత్తుకు రమ్మని సావుకారు ఎలాగూ అడుగుతున్నాడు. నేను తెల్లారగట్ల ఎల్లిపోతా. మీ మావయ్య ఉతికిన పంచె కట్టుకొచ్చి కూచుంటాడు, మాటాడతాడు, నాకంటే ఆడికి మాట బాగా వొచ్చు. నాన్నకి దూరాన ఏదో పని పడిందని చెప్పు. పెళ్ళయ్యాక నిమ్మళంగా చూత్తార్లే."

అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. ఆదివారంపూట నాన్న కావిడి ఎత్తడం నేను ఎరగను. దొర ఎత్తమన్నా ఎత్తేవాడు కాదు.

అమ్మ చేట ఆగింది. నేను ఏమంటానా అని ఆగింది. ఆ నిశ్శబ్దంలో చెప్పడానికి చోటు చాలా ఉంది. ఒక మనిషి వద్దు అనడానికి ఎంత సేపు పడుతుంది?

"పోనీ తెల్లవారుజామున నేను వచ్చి బండి మీద గట్టుదాకా దింపనా?" అన్నాను.

నాన్న నవ్వాడు. ఎత్తిపొడుపు కాదు, ఆయనకు అది చేతకాదు. వాకిట్లో బండి వైపు చూసి, "నాకు చోటేదిరా దాని మీద, అన్నీ పెట్టెలే గదా" అన్నాడు.

వెనకపెట్టె బోల్టులు విప్పితే ఒక మనిషి కూచోవచ్చు. మొన్న ఒకరికి విప్పాను. అది ఆయన చూశాడు కూడా.

"సరే నాన్నా" అన్నాను. "జాగ్రత్తగా వెళ్ళు."

అమ్మ మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.